పిడి కింద ‘ప’

మా అంగడికి వచ్చేవాళ్ళంతా ఏదో ఒక రోజు అడిగే ప్రశ్న ఒకటుంది. “ఇవి దీంట్లో పడతాయా?” ఒక చేతిలో తూటాలు, ఇంకో చేతిలో తుపాకీ పట్టుకొని అడుగుతారు. పాతికేళ్ళు ఆ ప్రశ్నకు పెద్దగా ఆలోచించకుండానే జవాబు చెప్పాను. అలా చెప్పిన జవాబు ఒకటి ఒక పెద్దమనిషి చేతిని పాడుచేసింది. ఈ సంగతి రాయాలని మూడేళ్ళుగా అనుకుంటున్నాను, కలం పట్టుకోగానే ఎవరి మీదో కోపం వచ్చి లేచిపోతున్నాను. కోపం ఎవరి మీదో తేల్చుకోవడానికే ఇంతకాలం పట్టింది.

అనంతపురంలో లైసెన్సు తుపాకుల అంగడి ఉంది, మరమ్మతులు కూడా చేస్తాం అంటే బయటి ఊళ్ళవాళ్ళు కళ్ళు పెద్దవి చేస్తారు. సీమ అనగానే వాళ్ళకు సినిమాలు గుర్తొస్తాయి. వచ్చి చూస్తే నవ్విపోతారు. అద్దాల బీరువాలో నాలుగు ఎయిర్ గన్నులు, మేము చీనీ అనే బత్తాయి తోటల వాళ్ళు కోతుల్ని బెదిరించడానికి కొనేవి. మూలన రెండో మూడో పొడుగు తుపాకులు, బ్యాంకు గేటు దగ్గర కుర్చీలో కునుకు తీసే కాపలాదారులవి, నూనె వేయడానికి వచ్చినవి. ఎలక్షన్లు వస్తే మాత్రం నాలుగు రోజులు సందడి. తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి కదా, అప్పగించే ముందు అందరికీ శుభ్రం చేయించాలని బుద్ధి పుడుతుంది. ఏళ్ళ తరబడి గూట్లో పెట్టి తుప్పు పట్టించి, పోలీసుల ముందు మాత్రం తళతళ మెరవాలంటారు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా నూనె వేసి ఇస్తాను.

అంగడి మా నాయనది. ఆయన మొదట ఆయిల్ ఇంజన్లు బాగుచేసే లేత్ షాపులో పని చేశాడు. బావుల్లో నీళ్ళున్నంత కాలం ఇంజన్లు తిరిగాయి. బావులు ఎండి, బోర్లు వచ్చి, ఇంజన్లు పాత ఇనుము బండెక్కాక చేతిలో పనితనం మాత్రం మిగిలింది. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి తుపాకుల మరమ్మతుకు లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆయనకు పేరు తెచ్చిన పని ఒకటుంది. సీమ రివాల్వర్లను మార్చడం.

ఇక్కడ సీమ అంటే మా సీమ కాదు, తెల్లవాళ్ళ సీమ. వాళ్ళ కాలంలో పెద్దరికం ఉన్న కొన్ని ఇళ్ళకు చేరిన బరువైన రివాల్వర్లవి. నడుమ దగ్గర విరిస్తే తెరుచుకుంటాయి, ఆరు బొక్కల చక్రంలో తూటాలు వేసి మూసేయాలి. వాటి తూటాలు పొట్టిగా లావుగా, అడుగున అంచుతో ఉంటాయి. కొంతకాలానికి ఆ తూటాలు రావడం ఆగిపోయింది. అంతే లావున్న ఇంకో రకం తూటా, పిస్తోలుకని చేసింది, దొరికేది. దానికి అంచు ఉండదు. చక్రం వెనక వైపు కొంచెం ఇనుము తీసేసి, నెలవంకలా వంచిన సన్నటి రేకుకు మూడేసి తూటాలు తగిలించి వేస్తే అవి చక్కగా కూర్చుంటాయి. ఈ మార్పు మా నాయన కనిపెట్టింది కాదు, ఎక్కడెక్కడో చేశారట. మా జిల్లాలో చేసింది మాత్రం నాకు తెలిసి ఆయనొక్కడే. మొత్తం నాలుగు చేశాడు. ఆ నాలుగింటి గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది.

పాత తూటా నంబరు వేరు, కొత్త తూటా నంబరు వేరు. అయినా జనం నోట్లో రెండూ నలభై ఐదే, లైసెన్సు పుస్తకంలోనూ అదే రాసి ఉంటుంది. అసలు తేడా మందులో ఉంది. పాత తూటా తోస్తుంది, కొత్తది తన్నుతుంది. వందేళ్ళ కిందటి ఆ ఇనుము ఆ తన్నుకు చేసింది కాదు. ఇది నాకు తెలియదని అబద్ధం చెప్పలేను. తెలుసు. కానీ నాయన చేతి పని కదా, ఆయన అన్నీ చూసుకొనే చేసి ఉంటాడని ఒక మూర్ఖపు ధైర్యం ఉండేది. కన్నతండ్రి పనిని అనుమానించడం ఎవరికైనా కష్టమే.

మూడేళ్ళ కిందట, దసరాకు పది రోజుల ముందు, గుమ్మఘట్ట అవతలి పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. అరవై దాటిన రైతు. తెల్ల అంగీ, భుజం మీద తువ్వాలు, చేతిలో గుడ్డసంచి. సంచిలో తాత నాటి రివాల్వర్, లైసెన్సు పుస్తకం, తమలపాకుల కట్ట మూడూ ఒకే చోట ఉన్నాయి. నాకు చిరాకేసింది. ఆయన తీరిగ్గా కూర్చొని, ఎడమచేతి వేళ్ళ మధ్య ఆకు పరిచి, సున్నం రాసి, మడిచి నోట్లో పెట్టుకున్నాకే మాట మొదలుపెట్టాడు.

“ఏమప్పా, మీ నాయన యాడ?”

“కంటి ఆపరేషన్ అయిందన్నా. ఇంట్లో పండుకోనుండాడు.”

“అయ్యో. ఈ తుబాకి ఆయప్ప సరి చేసిందే. మా నాయన తెచ్చిచ్చినాడు, నాకు బాగా గ్యాపకం. ఇప్పుడు తూటాలు అయిపోయినాయి. ఉన్నవి ఇట్లయినాయి చూడు.”

సంచి అడుగు నుంచి ఆరు పాత తూటాలు తీశాడు. ఇత్తడి మీద పచ్చగా చిలుము పట్టింది. అవి పనికిరావు, నాకిచ్చేయమన్నాను. పండక్కి ఒక తూటా కాల్చాలని, అదీ తమ ఇంటి ఆచారమని చెప్పాడు. మేము జమ్మి అనే చెట్టును వాళ్ళవైపు కన్నడంలో బన్ని అంటారు. విజయదశమి రోజు బన్ని పూజ అయ్యాక వాళ్ళింటి పెద్ద ఒక్క తూటా కాల్చాలి.

“గాల్లోకి కాల్చితే కేసవుతుంది, తెలుసు కదా?” అన్నాను.

“గాల్లేకి యాల కొడతామప్పా. శేను గట్టు మట్టిలేకి. ఒక్కటే ఒక్కటి.” కాసేపు నమిలాడు. “పోయినేడు ఎలక్షన్లని తుబాకి స్టేషన్లో ఉండె. కొట్టలే. ఆ యేడు వాన రాలే. వానకూ దీనికీ ఏం సంబంధమని నేనంటా. ఊర్లో ఊరుకుంటారా? నీ వల్లనే అన్నట్టు చూస్తాండారు. ఈయేడు కొట్టకుంటే నాకు ఆ చెట్టు కాడ నిలబడే ముఖం ల్యా.”

మా దగ్గర వాన రాకపోతే ఎవరో ఒకరు దానికి కారణం కావాలి. అది కొత్త కాదు. ఆయన నవ్వుతూనే చెప్పాడు గానీ, చెప్పేటప్పుడు నా ముఖం చూడలేదు.

రివాల్వర్ విరిచి చూశాను. చక్రం కొంచెం అటూ ఇటూ ఆడుతోంది, పాతదానికి ఆ మాత్రం ఉంటుందిలే అనుకున్నాను. కొత్త తూటాలు నెలవంక రేకులకు తగిలించి వేస్తే గుడ్డలో చుట్టినట్టు కూర్చున్నాయి. నాయన పనితనం చూసి మనసులో గర్వపడ్డాను కూడా. తూటాలు తీసేసి, శుభ్రం చేద్దామని మర విప్పి పిడి చెక్కలు ఊడదీశాను. కుడివైపు చెక్క లోపల, ఉలితో చెక్కిన చిన్న అక్షరం. ప.

ఆ అక్షరం నాకు కొత్త కాదు. నాయన మార్చిన రివాల్వర్ ఇంకొకటి ఎప్పుడో శుభ్రానికి వస్తే దాని పిడి కింద కూడా చూశాను. ఇంగ్లీషు తుపాకుల మీద పరీక్ష అయినట్టు గుర్తులు కొట్టి ఉంటాయి. మా నాయన కూడా పని అయ్యాక చూసుకొని తన ముద్ర వేశాడని, ప అంటే పాస్ అని ఎప్పుడో ఖాయం చేసుకున్నాను. ఆయన్ని అడగాలని ఎన్నడూ తోచలేదు.

అడగకపోయినా చేయవలసిన పని ఒకటి ఉంది, అది కూడా ఆయన నేర్పిందే. పాత చక్రాన్ని కిరసనాయిల్లో నానబెట్టాలి. తీసి పొడిగా తుడిచి, పైన సుద్దపొడి రాయాలి. కంటికి కనపడని పగులుంటే అందులో దాక్కున్న నూనె ఊరి, సుద్ద మీద గీత తేలుతుంది. దానికి ఒక పూట పడుతుంది. పెద్దాయనకు మూడు గంటల రాయదుర్గం బస్సుంది. పోనీ తుపాకీ ఇక్కడ పెట్టి రేపు రండి అనవచ్చు. అనలేదు. పిడి కింద అక్షరం ఉంది కదా, ఇంకా సుద్దెందుకు అనుకున్నాను.

“పడతాయా మరి?” అన్నాడు పెద్దాయన, లేచి నిలబడి.

“పడతాయన్నా,” అన్నాను.

లైసెన్సులో రాసి తూటాలు ఇచ్చాను. ఆయన సంచి సర్దుకొని, “మీ నాయనకు అడిగినానని చెప్పప్పా,” అని బస్టాండు వైపు నడిచాడు. నేను ఆ సాయంత్రం నాయనకు ఆ మాట చెప్పడం కూడా మర్చిపోయాను.

దసరా అయిన మూడో రోజు అటువైపు స్టేషన్ ఎస్సై అంగడికి వచ్చాడు. చిన్నవాడే, మర్యాదస్తుడు. బల్ల మీద ఒక గుడ్డమూట విప్పాడు. చక్రం పైభాగం లేదు. రివాల్వర్ పైపట్టీ వంగి పైకి లేచింది. పిడి చెక్కలు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇనుము మీద ఎండిన నెత్తురు తుప్పులాగే ఉంది, మొదట తుప్పే అనుకున్నాను.

మొదటి తూటా బాగానే పేలిందట. ఊరివాళ్ళు చప్పట్లు కొట్టారట. పోయిన ఏడాదిది కూడా కొట్టేస్తే ఒక పని అయిపోతుందని ఆయన రెండోది కాల్చాడట. బరువు ఆనేందుకు ఎడమచెయ్యి చక్రం పక్కన పెట్టి పట్టుకున్నాడు. రెండు వేళ్ళు అక్కడే పోయాయి. మూడోది బళ్ళారి ఆసుపత్రిలో తీసేశారు.

“మరమ్మతు చేసే లైసెన్సు మీకే ఉంది కాబట్టి మీ అభిప్రాయం రాసిస్తే బాగుంటుంది,” అన్నాడు ఎస్సై. తర్వాత నోట్‌బుక్ తెరిచి, “ఈ తూటాలు దీనికి సరిపోతాయని ఎవరు చెప్పారో తెలుసా మీకు?” అని అడిగాడు.

నేను ఏదో అనేలోగా ఆయనే, “ఆ పెద్దాయన్ని కూడా అడిగాం లెండి. ఎవరూ చెప్పలేదు, మా పెద్దలు వేసినట్టే వేసుకున్నానన్నాడు,” అని రాసుకున్నది చూపించాడు.

పెద్దాయన నన్ను కాపాడాడు. అంత నొప్పిలో పడుకొని, నా పేరు చెప్పకుండా. నేను అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. పాత ఇనుము, ఎక్కువ మందున్న తూటా, కాబట్టి చక్రం పగిలింది అని నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టాను. రాసింది నిజమే. అసలు సంగతి అందులో లేదు. రెండు రోజులు పరీక్షకు ఉంచుకుంటానని అడిగితే ఎస్సై రసీదు రాయించుకొని మూట వదిలి వెళ్ళాడు.

ఆయన వెళ్ళాక మిగిలిన సగం చక్రాన్ని కిరసనాయిల్లో వేశాను. పెళ్ళయ్యాక బాజాలన్నట్టు. మధ్యాహ్నం తీసి, తుడిచి, సుద్ద రాశాను. పగలని బొక్కల్లో కూడా రెండింటి అంచున వెంట్రుకంత గీతలు లేచాయి. ఆ పగుళ్ళు ఆ రోజు పుట్టినవో, ముందు నుంచీ ఉన్నవో చెప్పలేను. ముందు నుంచే ఉండి ఉంటే, పెద్దాయన వచ్చిన రోజు ఒక పూట ఓపిక పట్టి ఉంటే నాకు కనపడేవి. అంగడి తలుపు దగ్గరగా వేసి చాలాసేపు ఏడ్చాను. తర్వాత మర విప్పి, కుడివైపు చెక్క జేబులో వేసుకొని ఇంటికి పోయాను.

నాయన నల్లద్దాలు పెట్టుకొని వసారాలో కూర్చొని ఉన్నాడు. చెక్క చేతిలో పెడితే బొటనవేలి గోరుతో అక్షరాన్ని తడిమాడు.

“ఇది నా ఉలి దెబ్బ. యాడిది రా?”

జరిగిందంతా చెప్పాను. ఎవరు వచ్చారో, నేను ఏమన్నానో, ఏమైందో. ఆయన చెక్కను తిప్పి తిప్పి తడుముతూ ఉన్నాడు. నేను ఉండబట్టలేకపోయాను.

“పాస్ అని కొట్టినావు గదా నాయనా. ప అంటే పాసే గదా?”

“పాసా? నేను యాడ సదివినా రా, పాసులూ ఫేళ్ళూ?” అన్నాడు. కొంచెం ఆగి, “ప అంటే పడవు అని,” అన్నాడు.

“పట్టినాయి నాయనా. నేనే ఏసి చూసినా.”

“పట్టవని ఎవురన్నారు రా? పట్టేట్టు చేసింది నేనే గదా. పడవు అంటాండా. నీకు వంకాయ నోట్లో పట్టదా? పడతాది. తిన్నంక గదా ఒళ్ళంతా దద్దులు లేసేది.”

నేను బడిలో తెలుగు బాగా చదివినవాణ్ణే. ఎన్నడూ గమనించలేదు. కాదు అని చెప్పేటప్పుడు మనకు అవి రెండు మాటలు. ఇమడకపోతే పట్టవు అంటాం, సరిపడకపోతే పడవు అంటాం. అవును అని చెప్పేటప్పుడు రెండూ కలిసిపోయి ఒకే మాట, పడతాయి. పెద్దాయన అడిగింది రెండోది. తన చేతికీ ప్రాణానికీ ఇవి సరిపడతాయా అని అడిగాడు. నేను చెప్పింది మొదటిది. బొక్కలో దూరతాయని చెప్పాను. ఆయన తన ప్రశ్నకు జవాబు దొరికిందనుకొని బస్సెక్కాడు.

“మరి పైన కొట్టకుండా పిడి కింద ఎందుకు కొట్టినావు?” అని అరిచాను. నాయన మీద గొంతు పెంచడం జీవితంలో అదే మొదలు. ఇంట్లోవాళ్ళు బయటికి వచ్చి చూశారు.

“పైన కొడితే గిరాకీకి కనపడదా? చేసినోడే ఇది బాగలేదని రాసిస్తే ఆ పని ఎవురిస్తారు? ఇంజన్లు ఆగిపోయిన కాలం రా అది. నాకు పని కావల్ల.” చెక్కను ఒళ్ళో పెట్టుకున్నాడు. “నోటితో చెప్తాంటి. పాత తూటాలు దొరికినన్ని దినాలు అవే ఏసుకోండప్పా, ఇది ఉత్త అక్కరకు చేసింది అని. విన్నోళ్ళు విన్నారు. రేపు నేను లేకున్నా, పిడి ఇప్పినోడికి తెలుస్తాదని కొట్టినా. ఇప్పేది నువ్వేనని నాకు తెలుసు. నీకు చెప్పినా అనుకుంటి.”

“చెప్పలే నాయనా.”

“చెప్పినా అనుకుంటి,” అని మళ్ళీ అన్నాడు. ఆ మాట ఆ సాయంత్రం ఇంకా ఎన్నోసార్లు అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బళ్ళారి బస్సెక్కాను. కళ్యాణదుర్గం దాటాక గాలిమరలు తిరుగుతున్నాయి, వాటి కింద శెనక్కాయ పంట జానెడెత్తు కూడా లేకుండా ఎండి ఉంది. దారంతా ఏమని చెప్పాలో మాటలు కూర్చుకుంటూ పోయాను. ఆసుపత్రి మెట్లెక్కేసరికి ఒక్కటీ గుర్తులేదు.

పెద్దాయన మంచం మీద కూర్చొని ఉన్నాడు. ఎడమచెయ్యి ఇంత లావు కట్టుతో దిండు మీద ఉంది. పక్కన ఆయన భార్య ఆకు మడుస్తోంది. ఆమెకు అలవాటు లేదు, సున్నం ఎక్కువ పూసింది. ఆయన నోట్లో పెట్టుకొని ముఖం చిట్లించి, అలాగే నమిలాడు. నలభై ఏళ్ళుగా ఆయన ఆకు ఆయనే మడుచుకునేవాడట. నన్ను చూసి, “రాప్పా, ఇంత దూరం వస్తివే,” అని కుడిచేత్తో మంచం చివర చూపించాడు.

కూర్చోలేదు. నిలబడే చెప్పాను. పడతాయని చెప్పింది నేనని ఆయనకు తెలుసు, అది కాదు చెప్పవలసింది. నేను పరీక్ష చేయలేదని, బస్సు వంక పెట్టుకొని బద్ధకించానని, పిడి కింద మా నాయన వద్దని చెక్కిన అక్షరాన్ని చూసి కూడా తప్పు చదివానని చెప్పాను. పోలీసుల దగ్గర నన్ను దాచవద్దని, నేనే పోయి చెబుతానని కూడా అన్నాను. చెప్తూ చెప్తూ మళ్ళీ ఏడుపొచ్చింది. ఆయన భార్య ఆకు పళ్ళెం పక్కన పెట్టేసి నా వైపు చూసింది. ఆ చూపులో తిట్టు ఉంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

పెద్దాయన మాత్రం చివరి దాకా విన్నాడు. నేను క్షమించమని అడగబోతున్నానని తెలిసిందేమో, చెయ్యెత్తి ఆపాడు.

“ఇట్లాంటివి మీ నాయన ఎన్ని చేసినాడప్పా?”

“నాలుగన్నా. ఒకటి శాన కిందటనే సర్కారుకు ఇచ్చేసినారు. ఒకటి మీది.”

“ఇంకా రెండు ఉండాయి అయితే.”

“ఉండాయి.”

“ఎవురి చేతిలో ఉండాయో తెలుసునా?”

“ఒకటి పామిడిలో. ఇంకోటి తాడిపత్రిలో ఉండె.”

ఆయన కట్టు కట్టిన చేతిని చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు. అప్పటి దాకా లేని కోపం అప్పుడు కనిపించింది.

“మరి నా కాడ నిలబడి ఏడుస్తావేందప్పా? నాది అయిపోయింది. పో. ఆడికి పో.”

పోయాను. దారిలో దిగి ఎస్సైకి ఉన్నదున్నట్టు చెప్పి రాసిచ్చాను. ఆ తర్వాత విచారణ, అంగడికి కొన్నాళ్ళు తాళం, అవన్నీ జరిగాయి, వాటి గురించి నాకు ఫిర్యాదు లేదు. పామిడిలో ఆ ఇంటాయన పోయి ఏడాదయిందట. రివాల్వర్ కోడలి దగ్గర బీరువాలో చీరల కింద ఉంది. విషయం చెప్పగానే ఆమె మారుమాట లేకుండా, “తీసకపోన్నా, దీన్ని చూస్తేనే నాకు బయం,” అంది. పోలీసులను పిలిపించి వాళ్ళ చేతికే ఇప్పించాను. ఇచ్చే ముందు పిడి విప్పించాను. ప ఉంది.

తాడిపత్రిది దొరకలేదు. బండలు కోసే ఫ్యాక్టరీ ఆయనది అది. ఫ్యాక్టరీ ఎప్పుడో చేతులు మారింది. రాతి పొడితో తెల్లబడిన మనుషుల్ని ఒక్కొక్కరినీ అడిగాను. “ఆయప్పా? యాడికో పాయ,” అన్నారు. కన్నడదేశం వైపు అని ఒకరు, కాదు మద్రాసు వైపు అని ఇంకొకరు. లైసెన్సు వేరే రాష్ట్రానికి మారిందని ఎస్సై కనుక్కొని చెప్పాడు. అక్కడికి ఉత్తరాలు రాశాను, ఆయనా రాయించాడు. ఇప్పటికీ జవాబు లేదు. ఆ రివాల్వర్ ఎవరి ఇంట్లో ఉందో, దానిలో ఏ తూటాలు వేసుకుంటున్నారో, అసలు వేసుకుంటున్నారో లేదో తెలియదు. ఏదో ఊళ్ళో ఎవరో ఒక అంగడివాడు కూడా పిడి విప్పి ఆ అక్షరం చూసి ఉండవచ్చు. వాడికి తెలుగు రాకపోతే అది ఉత్త గీత. వస్తే పాస్ అనుకుంటాడు, నాలాగే.

పెద్దాయన ఆ తర్వాత ఒకసారి అంగడికి వచ్చాడు, లైసెన్సు పుస్తకం అప్పగించే కాగితాల కోసం. కుడిచేత్తో ఆకు మడవడం నేర్చుకున్నాడు, తొడ మీద పరిచి మడుస్తున్నాడు. మొదట అడిగిన మాట, “దొరికినాదా?” అని. లేదన్నాను. తల ఊపి కాగితాలు తీసుకొని వెళ్ళాడు.

ఇప్పుడు ఎవరైనా పడతాయా అని అడిగితే జవాబు చెప్పను. తుపాకీ పెట్టి రేపు రండి అంటాను. కొందరు విసుక్కొని వెళ్ళిపోతారు, వెళ్ళనిస్తాను. నాయనకు కళ్ళు బాగా కనపడుతున్నాయి గానీ ఒక చెవి ఈ పనిలోనే పోయింది. విజయదశమి రోజు మంచి చెవి వీధి వైపు పెట్టి పొద్దున్నుంచి వసారాలోనే కూర్చుంటాడు. జమ్మి ఆకు తెచ్చి చేతిలో పెడితే తీసుకోడు. వీధిలో పిల్లలు టపాకాయ కాల్చినా ఉలిక్కిపడి, “అది యాడ రా?” అని అడుగుతాడు. టపాకాయే నాయనా అంటాను. పోయిన ఏడాది ఆ ఒక్క రోజే పదకొండుసార్లు అడిగాడు.